గ్రీన్‌హౌస్‌లో కరివేపాకు

జనవరిలో పొద్దున్నే ఎనిమిదింటికి మా కాలేజీ గ్రీన్‌హౌస్ తలుపు తీస్తే మొహానికి వెచ్చటి ఆవిరి తగిలేది. బయట గడ్డి మీద మంచు గరగరలాడుతూ ఉండేది. అట్లాంటా పక్కనున్న కమ్మింగ్ నుంచి గంటసేపు డ్రైవ్ చేసి వచ్చిన నా వేళ్లు స్టీరింగ్ పట్టుకున్నట్టే బిగుసుకుపోయి ఉండేవి. లోపల మాత్రం ఏ ఊరో, ఏ నెలో తెలిసేది కాదు. వేర్లు పట్టడానికని కొమ్మ ముక్కలు గుచ్చిన బల్ల మీద పది నిమిషాలకోసారి సన్నటి తుంపర లేచేది. లేచి, కాసేపు గాల్లోనే నిలబడి, ఏం తొందర అన్నట్టు నెమ్మదిగా ఆకుల మీదికి దిగేది. అద్దాలకవతల చెట్లు, కార్లు, మనుషులు అన్నీ కరిగిపోయి కనిపించేవి. నేను కోటు విప్పేసి, బల్ల చివరి స్టూలు మీద కూర్చుని, క్లాసుకి ఇంకా అరగంట ఉందని సంబరపడేదాన్ని. ఆ అరగంట కోసమే ఈ డిగ్రీలో చేరానేమో అని ఇప్పటికీ అనుమానం.

చేరింది నలభై రెండో ఏట. మా ఆయన సాఫ్ట్‌వేర్, నేను ఆయన వీసా మీద వచ్చినదాన్ని. పదిహేనేళ్లు ఇల్లు, పిల్ల, స్కూలు, మళ్లీ ఇల్లు. మా అమ్మాయి హైస్కూల్లోకి వచ్చాక నేను హార్టికల్చర్ చదువుతానంటే, మా ఆయన ల్యాప్‌టాప్ మీంచి తల ఎత్తి, "అంటే... తోటపనికి డిగ్రీయా?" అన్నారు. నాకసలే ముక్కు మీద కోపం. "మీరు రోజంతా కూర్చుని టైప్ చేయడమే కదా, దానికి లేదూ డిగ్రీ?" అన్నాను. ఆయన మళ్లీ ఆ ఊసెత్తలేదు. అప్లికేషన్ మాత్రం నాకంటే ముందు ఆయనే చదివి, తప్పులు దిద్ది పెట్టారు.

మొదటి ఏడాదంతా మొక్కల పేర్లే. వారానికి ఇరవై మొక్కలు, వాటి లాటిన్ పేర్లు, ఆకు చూసి చెప్పాలి, ఆకు లేకపోతే బెరడు చూసి చెప్పాలి. పప్పు కడుగుతూ గొణుక్కునేదాన్ని, బట్టలు మడతపెడుతూ గొణుక్కునేదాన్ని. కొన్నాళ్లకి మా సబ్‌డివిజన్ వీధుల్లో సాయంత్రం నడకకి వెళ్తే చెట్లు ఊరికే చెట్లుగా కనిపించడం మానేశాయి. ఒక్కొక్కటే దగ్గరకొచ్చి నన్ను గుర్తుపట్టావా అని అడుగుతున్నట్టుండేది. ఓసారి మెయిల్‌బాక్స్ దగ్గర ఆగి, పేరు గుర్తొచ్చిన సంతోషంలో ఒక చెట్టు కాండం తట్టాను. "అమ్మా, యూ ఆర్ సో వియర్డ్. చెట్టుకి హాయ్ చెప్తున్నావా?" అంది మా అమ్మాయి. అవునన్నాను. అది అటూ ఇటూ చూసి, నాకు పది అడుగులు వెనకబడి నడిచింది.

ఇంత చదువు చదువుతూ నేను ఇంట్లో కరివేపాకు మొక్కని మాత్రం బతికించలేకపోయాను. ఒకటి కాదు, నాలుగు. వేసవంతా ఇంటి వెనక డెక్ మీద నవనవలాడేవి, చలికి ఇంట్లోకి తెస్తే హీటర్ గాలికి ఆకు రాల్చి పుల్లలైపోయేవి. తలా ఒక వంట తెచ్చే మా వాళ్ల పాట్‌లక్‌లలో ఇదో పెద్ద కాలక్షేపం. "హార్టికల్చర్ మేడమ్ వచ్చారు, ఎవరూ మీ మొక్కలు చూపించకండి, చచ్చిపోతాయి," అని ఒకాయన అనడం, అందరూ పడీ పడీ నవ్వడం. నేనూ నవ్వేదాన్ని, లోపల కుతకుతలాడుతూ.

డిసెంబర్ సెలవుల్లో మా వీధి చివర ఉండే అక్క వాళ్లు ఫ్లోరిడాలోని ఆర్లాండోలో ఉన్న మరిది ఇంటికి కార్లో వెళ్లొచ్చారు. అక్కది కరీంనగర్. వస్తూ వస్తూ నాకోసం మోకాలెత్తు కరివేపాకు మొక్క తెచ్చింది. తడి తువ్వాలులో చుట్టి, వెనక సీటు కింద పెట్టి, పైన బ్యాగులు కప్పి మరీ తెచ్చింది. మనవాళ్లలో కరివేపాకు ఇల్లిల్లూ తిరిగేది అలాగే. కొన్న వాళ్లెవరూ నాకు తెలియరు. "ఇదన్న బతికించు చెల్లె, నా ఇజ్జత్ తియ్యకు," అంది నవ్వుతూ.

దాన్ని చూడగానే నాకు ఒకటే ఆలోచన వచ్చింది. కాలేజీ గ్రీన్‌హౌస్‌లో ఎప్పుడూ వెచ్చగా ఉంటుంది, ఎప్పుడూ తడిగా ఉంటుంది. ఈ చలికాలం అక్కడ గట్టెక్కిస్తే చాలు. బయటి మొక్కలు లోపలికి తేకూడదని గ్రీన్‌హౌస్ తలుపు మీద కాగితం అంటించి ఉంది. ఆ కాగితం మీద చెయ్యి పెట్టే తలుపు తోశాను. ప్రొఫెసర్ రాకముందే, చివరి బల్ల మూల, నిమ్మ జాతి మొక్కల వెనక కుండీ పెట్టేశాను.

ఆ నిమ్మ జాతి మొక్కలు మా క్లాసులోని ఒకమ్మాయివి. ఇరవై ఒక్కేళ్లు, ఆఖరి ఏడాది. జార్జియాకి అట్టడుగున, నాలుగు గంటల దూరంలో వాళ్ల ఊరు. వాళ్ల నాన్నగారు పొగాకు పంట మానేసి, చిన్న కమలాపళ్ల తోట వేశారు. చలిని ఓర్చుకునే వేరే జాతి మొదళ్ల మీద తన తోట కమలాలనే అంటుకట్టి, ముప్పై ఆరు మొక్కలు పెంచి, ప్రాజెక్టు అయిపోగానే తోటలో నాటాలని ఆ పిల్ల ఏర్పాటు. ఒక్కో మొక్కకి తన చేత్తో కట్టిన టేపు, తన చేత్తో రాసిన చీటీ ఉండేవి. నాకు అంటుకట్టడం నేర్పింది కూడా ఆ అమ్మాయే. నా కత్తి పదేపదే వంకర పోతుంటే, వెనక నిలబడి, "కత్తిని తొయ్యకండి మ్యామ్, వెళ్లనివ్వండి," అనేది. వాళ్ల దక్షిణాది యాసలో ఆ మ్యామ్ అన్న మాట అంత పొడుగున సాగేది. మా ఇంట్లో నా మాట వినే పిల్లల్లేరు కాబట్టి ఆ పిలుపు నాకు చాలా ఇష్టంగా ఉండేది.

కరివేపాకు మొక్క చూసి, ఆకు నలిపి వాసన పీల్చి, "ఇది ప్రొఫెసర్ మీకిచ్చిన మొక్కా?" అని అడిగింది. నేను తల ఊపాను. అది అవును అని చెప్పడమే. ఆ తర్వాత నేను రాని శుక్రవారాలు తన వాటితోపాటు దానికీ ఆ అమ్మాయే నీళ్లు పోసేది.

ఫిబ్రవరి అంతా కలలో గడిచినట్టు గడిచింది. తుంపర లేవడం, దిగడం. కిటికీ అద్దాల మీద నీటి చారలు. అంటుకట్టిన చోట కన్ను ఉబ్బి, పచ్చటి మొన బయటికి రావడం. స్టూలు మీద కూర్చుని పుస్తకం ఒళ్లో పెట్టుకుని నిద్రలోకి జారి, లేచేసరికి పేజీలు మెత్తబడి ఉండేవి. ఒక్కోసారి కరివేపాకు రెబ్బ ఒకటి తుంచి టిఫిన్ డబ్బాలో వేసుకుని ఇంటికి పట్టుకెళ్లేదాన్ని. సాయంత్రం పోపులో అది చిటపటమంటే, చూశారా నా మొక్క, అని ఎవరూ లేని వంటింట్లో గొప్పలు పోయేదాన్ని.

మార్చి మొదటి వారం, గురువారం పొద్దున, కరివేపాకు కొత్త చిగురు వేసింది. సంతోషంగా దగ్గరికి వంగి చూశాను. చిగురు మొదట్లో తెల్లటి మైనపు దారాలు, ముక్కలు ముక్కలుగా. వాటి కింద పసుపుపచ్చగా, కదులుతూ, చీలికల్లాంటి పిల్లపురుగులు. పక్క ఆకు మీద ఆవగింజంత పెద్ద పురుగు ఒకటి, తల కిందికి, వెనక భాగం పైకి ఎత్తి కూర్చుని ఉంది. అలా కూర్చునే పురుగు లోకంలో ఎన్ని ఉన్నాయో తెలియదు కానీ నిమ్మ జాతి పాఠంలో ఒకటే ఉంది.

అది సిల్లిడ్. గ్రీనింగ్ అనే తెగులుని చెట్టు నుంచి చెట్టుకి మోసే పురుగు. తెగులు సోకిన కమలా చెట్టు ఆకులకి మచ్చలు పడతాయి, కాయ పచ్చిగానే ఉండి చేదవుతుంది, కొన్నేళ్లకి చెట్టు పోతుంది. మందు లేదు. ఫ్లోరిడాలో తోటలకి తోటలు అలా పోయాయి. ఈ పురుగుకి కరివేపాకంటే ప్రాణం. అందుకే ఫ్లోరిడా నుంచి కరివేపాకు మొక్క బయటికి తేకూడదు. కరివేపాకుకి మాత్రం ఏమీ కాదు, పురుగుకి ఇల్లిస్తుంది అంతే.

ఇదంతా నాకు తెలుసు. అంతకుముందు సెమిస్టర్‌లోనే చదివాను. పుస్తకంలో కరివేపాకు పేరు కింద పెన్సిల్‌తో గీత కూడా గీశాను. గీసి, ఇంటికి వెళ్లి, చారులో వేసుకున్నాను. నేరస్థుల జాబితాలో ఉన్న ఆ మొక్క, మా అక్క తువ్వాలులో చుట్టి తెచ్చిన ఈ మొక్క ఒకటేనని ఒక్కసారన్నా బుర్రకి తట్టలేదా అంటే, ఏం చెప్పను, తట్టలేదు. నా తలకాయ. మనింటి పోపుల డబ్బా పక్కన ఉండే ఆకు ఎవరికైనా కీడు చేస్తుందని మనసు అనుకోదు.

ఆ అమ్మాయి ఇంకో క్లాసులో ఉంది. గ్రీన్‌హౌస్‌లో నేనొక్కదాన్నే. చిగుళ్లు వేళ్లతోనే నలిపేశాను. కుండీని పెద్ద చెత్త సంచీలో దింపి, మూతి ముడివేసి, కార్ డిక్కీలో పెట్టేశాను. మళ్లీ లోపలికి వచ్చి కమలా మొక్కల ముందు నిలబడ్డాను. ముప్పై ఆరూ లేత ఆకు వేసి ఉన్నాయి. ఆకు తిప్పి చూడలేదు. చూస్తే ఉంటాయని తెలుసు కాబట్టే చూడలేదు.

ఇంటికి వెళ్లి మా ఆయనకి చెప్పాను. అంతా విని, "తెచ్చేశావు కదా, ఇంకేంటి ప్రాబ్లం?" అన్నారు.

"వాళ్ల మొక్కలకి పాకి ఉంటే?"

"ఉంటే అని కదా, ఉన్నాయని కాదు కదా. చూడు, గ్రీన్ కార్డ్ ఇప్పుడే మూవ్ అవుతోంది. నువ్వు వెళ్లి ప్రొఫెసర్‌కి చెప్తావు, ఆవిడ స్టేట్ అగ్రికల్చర్ డిపార్ట్‌మెంట్‌కి రిపోర్ట్ చేస్తుంది, వాళ్లు నీ పేరు రాసుకుంటారు. మనకెందుకు చెప్పు?"

ఆయన మీద కోపం రావాలి. రాలేదు. నిజానికి ఆ మాట ఎవరైనా అంటే బాగుండునని దారంతా అనుకుంటూనే వచ్చాను.

శుక్రవారం నాకు క్లాసుల్లేవు. మధ్యాహ్నం సోఫాలో పడుకుంటే ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు. తుంపర కిందికి దిగకుండా పైకి పైకి లేస్తున్నట్టు, అందులోంచి ఆ అమ్మాయి వెళ్లనివ్వండి మ్యామ్, వెళ్లనివ్వండి అంటున్నట్టు కల. గరాజ్‌లోకి వెళ్లి సంచీ ముడి బిగుతుగానే ఉందా అని చూసి వచ్చాను. సాయంత్రం మళ్లీ చూసి వచ్చాను.

శనివారం అక్క వాళ్లింట్లో పాట్‌లక్. పులిహోర నిండా కరివేపాకు. అక్క నన్ను చూడగానే, "చెల్లె, మొక్క మంచిగున్నదా?" అంది.

"అక్కా, అక్కడ తీసుకునేటప్పుడు ఆకుల కింద పురుగేమైనా ఉందా, చూశారా?"

"పురుగేంది? గింత సబ్బునీళ్లు కొట్టు, అదే పోతది. మా మరిదోళ్లింట్ల ఎన్నేండ్ల సంది ఉన్నది ఆ చెట్టు. ఏం కాలే." నా మొహం చూసి గొంతు తగ్గించింది. "ఏమైంది చెల్లె? చచ్చిపోయిందా?"

అయ్యో, చచ్చిపోయి ఉంటే ఎంత బాగుండేది అనుకున్నాను. ప్లేటు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. ఎవరో జోకులేస్తున్నారు, అందరూ నవ్వుతున్నారు, ఆ మాటలన్నీ నీళ్లలోంచి వస్తున్నట్టు వినపడుతున్నాయి.

ఆదివారం సాయంత్రం పరీక్షకి చదువుదామని పాత ఫైలు తీస్తే నా జవాబు పత్రమే బయటపడింది. సిల్లిడ్ కనిపిస్తే ఏం చేయాలి అన్న ప్రశ్నకి నేను రాసిన జవాబు. మొక్కని కదిలించకూడదు. వెంటనే చెప్పాలి. ఆలస్యమైన ప్రతి రోజూ అది ఇంకో చోటికి చేరే రోజు. పక్కన ప్రొఫెసర్ పెట్టిన టిక్కు, పూర్తి మార్కులు. నా చేతిరాత ఎంత గుండ్రంగా ఉందో. నా మీద నాకే అసహ్యం వేసింది. మా ఆయన దగ్గరికి వెళ్లి, "రేపు చెప్పేస్తున్నాను," అన్నాను. ఆయన ల్యాప్‌టాప్ మూసి, "సరే, నేను కూడా రానా?" అన్నారు. వద్దన్నాను.

సోమవారం పొద్దున ప్రొఫెసర్‌కి చెప్పాను. డెబ్భైకి దగ్గరపడ్డ మనిషి, చెవి వెనక ఎప్పుడూ ఒక పెన్సిలు ఉంటుంది. ఆ పెన్సిలు తీసి బల్ల మీద పెట్టి, "ఎప్పుడు చూశావు?" అని ఒక్కటే అడిగింది. "పోయిన వారం," అన్నాను. పోయిన వారం అనే మాట ఎంత వెడల్పుగా ఉంటుందో అప్పుడు తెలిసింది. ఆవిడ ఇంకేమీ అడక్కుండా భూతద్దం తీసుకుని గ్రీన్‌హౌస్‌కి నడిచింది. మూడో కమలా మొక్క ఆకు తిప్పగానే కనపడ్డాయి. ఆవిడ తలుపుకి తాళం వేయించి, స్టేట్ వాళ్లకి ఫోన్ చేయడానికి ఆఫీసుకి వెళ్లింది.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. ఆ తర్వాత ఆ అమ్మాయి వాళ్ల తోటలో పసుపు జిగురు అట్టలు వేలాడదీసి రెండేళ్లు వెతికారు. ఏమీ దొరకలేదు. ఆ అమ్మాయి మళ్లీ మొదటి నుంచి అంటుకట్టి, ఆరు నెలలు ఆలస్యంగా డిగ్రీ తీసుకుంది. గ్రీన్ కార్డ్‌కి ఏమీ కాలేదు. నా డిగ్రీ ఏడాది వెనక్కి వెళ్లింది, అది నాకు తగిన శాస్తే. ఇవన్నీ చివర చెబితే జరిగినదాన్ని తేలిక చేసినట్టవుతుంది, అందుకని ఇక్కడే చెప్పేశాను.

ఆ సోమవారం మధ్యాహ్నం ఆ అమ్మాయి, నేను, ఇద్దరమే గ్రీన్‌హౌస్ లోపల ఉన్నాం. మొక్కలన్నిటినీ సంచుల్లో కట్టి ఉంచమన్నారు, మర్నాడు స్టేట్ వాళ్లు వచ్చి తీసుకెళ్లి కాల్చేస్తారు. తుంపర ఆపేశారు. ఆ అమ్మాయి మోచేతుల దాకా తొడుగులు వేసుకుని, ఒక్కో మొక్కనీ చీటీ చదివి, సంచీలోకి దింపుతోంది. నేను మూతులు కడుతున్నాను. కరివేపాకు కుండీ ఎవరిదో తనకి తెలుసు, తను నీళ్లు పోసిన కుండీయే కదా. ఆఖరి సంచీ కట్టాక నేను లెక్కపెట్టాను. ముప్పై రెండు.

"నాలుగు నా దగ్గర లేవు మ్యామ్," అంది. "శుక్రవారం ఇంటికి తీసుకెళ్లాను. మా నాన్న పుట్టినరోజు."

తన చేతులకి తొడుగులు ఉన్నాయి కాబట్టి, తన జేబులోంచి ఫోన్ నన్నే తీసి వాళ్ల నాన్నగారికి కలిపి పట్టుకోమంది. స్పీకర్ పెట్టి తన మొహం ముందు పట్టుకున్నాను.

ఆయన గొంతు హుషారుగా ఉంది. నాలుగూ ఇంటికి దగ్గరి వరస చివర నాటేశామని, బామ్మ వాటికి పొద్దున్నే నీళ్లు కూడా పోసిందని చెప్పారు. ఈ అమ్మాయి ఏడవకుండా, మెల్లగా, పురుగు సంగతి చెప్పింది. ముట్టుకోవద్దు, ఎవరినీ అటు వెళ్లనివ్వద్దు, మనుషులు వచ్చి పీకుతారు అంది. అటువైపు గాలి చప్పుడు. చివరికి ఆయన, "ఎవరు కనిపెట్టారు?" అని అడిగారు.

ఆ అమ్మాయి నా వైపు చూడకుండా, "మా క్లాసులో ఒకావిడ. తనే చూసి చెప్పింది," అంది.

"దేవుడు చల్లగా చూడాలి ఆవిడని. నా తరఫున థాంక్స్ చెప్పమ్మా," అన్నారు ఆయన.

ఫోన్ నా చేతిలోనే ఉంది. "సర్, నేనే మాట్లాడుతున్నాను," అన్నాను. "ఆ మొక్క లోపలికి తెచ్చింది కూడా నేనే."

"ఓ," అన్నారు. "ఎప్పుడు చూశారు మ్యామ్?" అన్నారు.

"గురువారం."

ఆ అమ్మాయి అప్పుడు నా వైపు తిరిగింది. తర్వాత ఆయన, కోపమేమీ లేని గొంతుతో, "మేం నాటింది శనివారం," అన్నారు.